వేళ్లు కాయలు కాస్తేనే గిటారు వస్తుందా?

గిటారు మాస్టార్లకి కోపం వచ్చే పోస్టు ఇది. రానివ్వండి.

మా మేనకోడలు ఇంటర్ ఫస్టియర్. టెన్త్‌లో మార్కులు బాగా వచ్చాయని మా బావ ఎకూస్టిక్ గిటారు కొనిచ్చాడు. రెండు నెలలు సాయంత్రం పూట క్లాసుకి వెళ్లింది. సంక్రాంతికి విజయనగరం వెళ్లినప్పుడు చూస్తే గిటారు సంచిలోనే ఉంది, బీరువా పక్కన, మీద దుమ్ముతో. ఏమయిందే అంటే ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలి కొస మీద తీగ కోసిన గాడి, ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏళ్లు నొప్పెడతన్నాయి మావయ్యా. సార్ని అడిగితే కాయలు కాసీ వరకూ ఇంతే, ఓర్చుకోవాలంటన్నారు."

కాయలు కాస్తాయి, నిజమే. కొన్ని వారాలు వాయిస్తే ఎవరికైనా చర్మం గట్టిపడుతుంది. కానీ ఆ కొన్ని వారాలు వాయించాలి కదా! గిటారు సంచిలో ఉంటే కాయలు ఎక్కడ కాస్తాయి? "మా రోజుల్లో రక్తం కారినా వాయించేవాళ్లం" అని కామెంటు పెట్టబోయేవాళ్లు ఆగండి. మీతో పాటు మొదలెట్టి మానేసినవాళ్లు ఎంతమందో అది కూడా రాయండి.

గిటారు తీసి చూశాను. ఉన్నవి పన్నెండు నంబరు తీగలు. నంబరంటే అంగుళంలో వెయ్యో వంతు. పన్నెండు అంటే 0.012 అంగుళాలు, అంటే 0.3 మిల్లీమీటర్లు. సెట్టుని మొదటి తీగ (అన్నిటికన్నా సన్నది), ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) నంబర్లతో పిలుస్తారు: 12-53, 11-52, 10-47 ఇలా. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 12-53 ప్యాకెట్టు మీద 'లైట్' అని రాసి ఉంటుంది! 13-56 మీడియం కాబట్టి దాని పక్కన ఇది లైట్ అన్నమాట. 11-52 కస్టమ్ లైట్. నిన్న మొన్న గిటారు పట్టిన పిల్లకి కావలసిన 10-47 పేరు ఎక్స్‌ట్రా లైట్. కాబట్టి కొట్టుకెళ్లి "లైట్ స్ట్రింగ్స్ ఇవ్వండి" అంటే ఉన్న తీగలే మళ్లీ కొనుక్కుని ఇంటికొస్తారు.

నాకూ అదే అయింది. "లైటేనండి బాబూ, రాసుంది కదా" అని కొట్టువాడు పన్నెండు నంబరే చేతిలో పెట్టాడు. కాదు, పది కావాలన్నాను. "అవి ఆడపిల్లలకండి, సౌండు రాదు" అన్నాడు. కొంటున్నది ఆడపిల్లకే. అయినా ఒళ్లు మండింది.

తేడా ఎంతో చెబుతాను. గిటారు పొడవు మారదు, శ్రుతీ మారదు. అప్పుడు తీగ బిగువు దాని మందం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది. మామూలు సైజు గిటారులో పన్నెండు నంబరు మొదటి తీగ దాదాపు పదిన్నర కిలోల బిగువుతో ఉంటే పది నంబరుది ఏడు కిలోల చిల్లర. చూడ్డానికి వెంట్రుకవాసి తేడా, బిగువులో మూడు కిలోలు!

సౌండు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కింది తీగల గంభీరం తగ్గుతుంది, గట్టిగా బాదితే జరజరమంటుంది, మరీ నొక్కితే శ్రుతి పైకి పోతుంది. పెళ్లి పందిట్లో మైకు లేకుండా వాయించేవాడు పన్నెండో పదమూడో వేసుకోమనండి. మా పిల్ల వాయించేది వెనకగదిలో, ముందుగదిలో సీరియల్ నడుస్తుండగా.

అయితే తప్పంతా తీగలదే కాదు. తీగలు కొనేముందు ఏటీఎం కార్డులు తీయండి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డకడ్డీ, వీణకి మెట్టు లాంటిది) మీద, ఆరో తీగ కింద మూడు కార్డులు పడితే బానే ఉన్నట్టు. మా పిల్ల గిటారులో నాలుగు పట్టి ఇంకా సందుంది. అంత ఎత్తులో ఉంటే ఏ నంబరు వేసినా వేళ్లు తెగుతాయి. తీగల చివర్లు బిగించే చెక్కని బ్రిడ్జి అంటారు, దాని మీది తెల్లపుల్లని శాడిల్ అంటారు (వీణకేమో గుర్రం, గిటారుకి జీను! ఎవరు పెట్టారో గాని). దాన్ని ఊడదీసి అడుగువైపు ఉప్పుకాగితం మీద ఒక మిల్లీమీటరు అరగదీశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగింది. తర్వాత పది నంబరు తీగలు ఎక్కించాను. బిగువు తగ్గేసరికి మెడ కాస్త వెనక్కి పోయి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర జరజర మొదలైంది. మెడ వంపు సరిచేసే లోపలి రాడ్‌ని ఎలెన్ కీతో పావు చుట్టు వదులు చేసి, మర్నాటి దాకా ముట్టుకోలేదు. జరజర పోయింది. ఒక్కసారే ఎక్కువ తిప్పేయకండి. ఇంకోటి, మీది నైలాన్ తీగల గిటారైతే ఈ పోస్టు మీకోసం కాదు. దానికి స్టీలు తీగలేస్తే బ్రిడ్జి లేచి వచ్చేస్తుంది.

ఇదంతా విని మా పెద్దమ్మ "సులువైన తీగలేస్తే అది విద్యా?" అంది. ఈ ఊరివాళ్లతో అదే చిక్కు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు కదా, గురువు మాట దాటడమంటే మహాపాపం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడే ఫిడేలు నేర్పారు. ఆ ఫిడేలు మనదా? తెల్లవాళ్లు నిలబడి, గడ్డం కింద పెట్టుకుని వాయించేదాన్ని మనం కింద కూర్చుని, దాని తల పాదానికి ఆన్చుకుని, తీగల శ్రుతి కూడా మార్చేసుకున్నాం. మన ఒంటికి తగ్గట్టు వాద్యాన్ని సర్దుకుంటే అప్పుడు విద్య తగ్గిపోలేదు. గిటారు దగ్గరికి వచ్చేసరికే తగ్గిపోతుందా?

పెద్దమ్మ దగ్గర బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో చేసిన వీణ ఉంది, ఒకే పనస దుంగలో చెక్కినది. వాయించే ముందు ఎడమ వేళ్లకి కొబ్బరినూనె రాసుకునేది. వేళ్లు జారాలని, కోసుకుపోకూడదని. అది సుఖం చూసుకోవడం కాదేం అంటే నవ్వి ఊరుకుంది.

ఆవిడకి నచ్చింది మాత్రం ఇంకొకటి. పది నంబరు తీగని పక్కకి లాగితే రిషభం నుంచి గాంధారానికి పాకుతుంది, వీణ మీద లాగినట్టే. పిల్ల చేత రెండుసార్లు లాగించుకుని విని "గమకం పలుకుతోందే!" అంది. మొదటి రెండు తీగలే అలా వంగుతాయి. మూడోదానికి కంచు చుట్టు ఉంటుంది కాబట్టి మొండికేస్తుంది.

మొన్న రాత్రి పిల్ల వాయిస్ మెసేజ్ పెట్టింది, "ఎఫ్ వచ్చీసింది మావయ్యా" అని. ఎఫ్ అంటే తీగలన్నీ ఒకేసారి నొక్కి పట్టి పలికించే స్వరాల గుత్తి. రెండో తీగ ఇంకా మూగగానే ఉంది గాని మిగతావి పలికాయి. తీసేసిన పన్నెండు నంబరు తీగలు పారేయనివ్వలేదు మా అక్క. పెరట్లో బీరపాదు పందిరికి కట్టింది. ఏభైమూడో నంబరుది బాగా ఆగుతోందట.