అల్లుడుగారి పంచె

సంక్రాంతికి మా పక్కింటికి కొత్త అల్లుడు వచ్చాడు. మాది అమలాపురం దగ్గర ఊరు. ఇక్కడ విస్తరిలో వంటకాలు లెక్కపెట్టాకే మర్యాద సరిపోయిందో లేదో తేలుస్తారు. భోగి రాత్రి ఆ మర్యాద ఎక్కువై, అత్తగారి చేతిలో గరిటె జారి, ముక్కల పులుసు పట్టంచు పంచె మీద పడింది.

ఎన్ని నీళ్ళు పోసినా మరక పోలేదు. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో మాత్రం కరుగుతుంది. పోపు నూనెతో కలిసి నూలుకి పట్టేసింది. పొద్దున్నే అత్తగారు బట్టల సబ్బు అందుకుంది. రెండుసార్లు రుద్దిందో లేదో, పచ్చటి మరకలు అచ్చం నెత్తురులా ఎర్రబడ్డాయి. "అయ్యయ్యో, పండగపూట ఇదేం అపశకునం!" అంటూ పంచెని నురగతో సహా డాబా మీద తీగ మీద పడేసి, దేవుడి గదిలోకి పరిగెత్తింది.

అల్లుడు దిగగానే గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది ఈవిడే. పసుపూ సున్నమూ వేసి ఆ నీళ్ళు కలిపిందీ ఈవిడే. కంగారులో గుర్తుకురావద్దూ?

పదో తరగతి చదివే బావమరిది పంచె కిందకి తెచ్చాడు. "అమ్మా, సబ్బూ సున్నమూ రెండూ క్షారాలే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది" అని నిమ్మచెక్క పిండాడు. నిజంగానే పచ్చబడింది. అల్లుడికి సరదా పుట్టి మళ్ళీ సబ్బు రాశాడు, ఎరుపు. వీడు మళ్ళీ నిమ్మకాయ, పసుపు. "పులిహోరకి ఉంచిన కాయలర్రా!" అని మామ్మగారు కేకేసేదాకా బావా బావమరుదుల ప్రయోగశాల మూతపడలేదు. తర్వాత పంచె జాడించి మళ్ళీ ఎండలో వేశారు.

ఈలోపు ఎదురు డాబా ఆవిడ ఎర్రమరకలు చూడనే చూసింది. అసలే కోడిపందాల రోజులు. వార్త కాలవ వంతెన దగ్గరికి చేరేసరికి అల్లుడుగారికి కోడి కత్తి గీసుకుంది. సెంటర్లో తొడలో దిగింది. బరి దగ్గర పది కుట్లు పడ్డాయి.

మధ్యాహ్నం నుంచి చక్కెరకేళి గెలలతో పరామర్శలు. సున్నుండలూ అరిసెలూ బిగించిన అల్లుడు మంచం మీంచి లేవబోయి, లేవలేక కూలబడ్డాడు. "వద్దు బాబూ, కుట్లు పిగులుతాయి" అని నలుగురూ పట్టుకుని పడుకోబెట్టారు.

మామగారికి ఒళ్ళు మండి, డాబా మీద నుంచి పంచె తెచ్చి అందరి ముందూ పరిచాడు. కర్క్యుమిన్ ఎండకి నిలవదు. రోజంతా కాచిన ఎండలో పంచె మల్లెపువ్వులా తెల్లబడింది.

వచ్చినవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొహాలు చూసుకున్నారు. ఒకాయన గొంతు తగ్గించి అన్నాడు: "మంచిపని చేశారండి. పోలీసులొచ్చినా ఇంక ఏమీ దొరకదు."