రగ్బీ లీగ్‌కు పొత్తు ఎవరితో?

డబ్లిన్‌లో రగ్బీ అంటే పదిహేను మంది ఆడే యూనియనే. పదముగ్గురు ఆడే లీగ్ అనేది ఒకటుందని, అందులోనూ ఐర్లాండ్‌కు జట్టుందని చాలామందికి తెలియదు. 2022 అక్టోబరులో ప్రపంచకప్‌లో ఆ జట్టు జమైకాను 48-2 తేడాతో చిత్తుచేసింది. అయితే ఆడినవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో పుట్టి, తాతల పుణ్యమా అని పచ్చ జెర్సీ తొడుక్కున్నవాళ్లే. ఇక్కడి క్లబ్బులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడ లీగ్ పెరగాలంటే ఇతర ఆటలతో చేతులు కలపాలనే మాట రాగానే అందరి చూపూ గేలిక్ ఫుట్‌బాల్ మీదికే పోతుంది. అది చేత్తోనూ కాలితోనూ ఆడే ఐర్లాండ్ సొంత ఆట. గేలిక్ ఫుట్‌బాల్ ఆడి పెరిగిన బ్రయాన్ కార్నీ లీగ్‌లో ఇంగ్లండ్ క్లబ్బు విగన్‌కు, గ్రేట్ బ్రిటన్‌కు ఆడి, 2007లో యూనియన్‌లో ఐర్లాండ్ తరఫునా దిగాడు. నిజమే, ప్రతిభకు కొదవ లేదు. తీరికే లేదు. జిల్లా జట్ల ఫైనల్ జూలైలో ముగియగానే క్లబ్బుల పోటీలు ఊపందుకుంటాయి. గేలిక్ ఆడే కుర్రాడికి వేసవిలో ఖాళీ వారాంతం ఎక్కడిది? పైగా పరాయి ఆటలు ఆడే సభ్యులపై గేలిక్ సంఘం నిషేధం ఎత్తేసిందే 1971లో. తన పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో రగ్బీ ఆడనిచ్చింది 2007లో. ఆ తలుపు తెరుచుకునేదాకా కూర్చుంటే లీగ్ ముసలిదైపోతుంది.

నా ఓటు ట్యాగ్ రగ్బీకి. వేసవి సాయంత్రాల్లో ఆఫీసు జట్లు, ఆడా మగా కలిసి, నడుముకు రెండు రిబ్బన్లు తగిలించుకుని ఆడతారు. రిబ్బన్ లాగితే ట్యాకిల్ అయినట్టే, అంటే మనిషిని పట్టి ఆపినట్టే. బంతి పట్టినవాడు ఆగి, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు. ఇలా ఆరుసార్లలోపు అవతలి చివరి గీత దాటకపోతే బంతి అవతలి జట్టుకు. ఇది అచ్చంగా లీగ్ పద్ధతే! ఆడేవాళ్లకే ఆ సంగతి తెలియదు, అంతే. కబడ్డీలో తొడపట్టు పట్టినవాళ్లకు అసలు ట్యాకిల్ నేర్పడం కూడా పెద్ద పని కాదు. ఇక్కడున్న మనవాళ్ల సంఘాల కుర్రాళ్లను పిలిచి చూడండి.

యూనియన్ పెద్దలు ఒప్పుకుంటారా? ఆట కోసం పని మానినవాళ్లకు పోయిన కూలి ఇవ్వాలా వద్దా అని 1895లో ఇంగ్లండ్‌లో రగ్బీని రెండుగా చీల్చిన తగాదా పాతబడింది. యూనియన్ క్లబ్బుల సీజన్ సెప్టెంబరు నుంచి మే దాకా. వేసవిలో ఆ మైదానాల్లో చాలా చోట్ల ట్యాగ్ జట్లే అద్దెకు ఆడుతున్నాయి. ట్యాగ్ పోటీలు అయిపోయిన వారంలో అక్కడే తొమ్మిదేసి మందితో లీగ్ టోర్నీ పెట్టి, బారు రాబడిని క్లబ్బుకే వదిలేయండి. బడుల్లో శిక్షణ పథకాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ బేరం కుదర్చాలి.