సవరణ: ఇండియా టుడే పుట్టింది 1977లో కాదు

ఇండియా టుడే చరిత్ర మీద పెట్టిన పోస్టులో "ఎమర్జెన్సీ ఎత్తేశాక, 1977లో వారపత్రికగా మొదలైంది" అని రాశాను. సంవత్సరం తప్పు, వారపత్రిక అనడమూ తప్పే.

తొలి సంచిక వచ్చింది 1975 డిసెంబర్‌లో, అంటే ఎమర్జెన్సీ విధించిన ఆరు నెలలకు. అప్పుడది పక్షపత్రిక. వారపత్రికగా మారింది 1997లో. ఆ పత్రిక తన గురించి చెప్పుకున్న చరిత్ర, పాత సంచికల మీది తేదీలు రెండూ ఇదే చెబుతున్నాయి.

ఇది చిన్న తేడా కాదు. మొదటి ఏడాది సంచికలు సెన్సార్‌షిప్ నీడలో వచ్చినవి. వాటిలో ఏముందన్నదే కాదు, ఏం లేదన్నదీ ఆ దృష్టితోనే చదవాలి. లైబ్రరీలో పాత సంచికలు వెతికేవాళ్లకు ఇంకో చిక్కు: పక్షపత్రికకు ఏడాదికి 24 సంచికలే. 52 అనుకుని సంచిక సంఖ్యను బట్టి తేదీ లెక్కగడితే నెలల తేడా వస్తుంది. 1997కు ముందువి నెల మధ్య, నెలాఖరు తేదీలతో ఉంటాయి, వాటినే నమ్ముకోండి.

మరో వివరణ. అరుణ్ పురీయే తొలి సంపాదకుడని పోస్టు చదివిన కొందరికి అర్థమైంది. ఆరంభంలో సంపాదకురాలు ఆయన సోదరి మధు త్రెహాన్, ఆయన ప్రచురణకర్త. పత్రికను స్థాపించింది వాళ్ల నాన్నగారు, థామ్సన్ ప్రెస్ అధిపతి విద్యా విలాస్ పురీ. అసలు పోస్టులోనూ ఇవి సరిదిద్దాను.