డాక్టరు గారూ, ఈసారి సలహాలొద్దు, కథ ఇవ్వండి

రెండేళ్ల కిందట అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు చెకప్‌కి నేనే తీసుకెళ్లాను. బీపీ, షుగరు అయ్యాక డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది: ముట్లు ఆగిపోయాక మళ్లీ ఎప్పుడైనా రక్తం కనిపించిందా అని. అది తెలుగులో అడగడానికి నాకు నోరు పెగల్లేదు. "ఆడవాళ్ల ఇబ్బందులేమైనా ఉన్నాయా అమ్మా" అని నీళ్లు నమిలాను. అమ్మ గోడ మీది క్యాలెండరు చూస్తూ "ఏం లేవని చెప్పు నాన్నా" అంది.

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ మా ఆవిడతో చెప్పిందట, మూడు నెలలుగా మరకలు కనిపిస్తున్నాయని. ముట్లాగి ఏడాది దాటాక చుక్క కనిపించినా చూపించుకోవాలి, గర్భసంచి క్యాన్సర్‌కి అది మొదటి గుర్తు కావచ్చు. బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలింది. అదృష్టం.

ఇదే సంగతి మన పత్రికలో రెండుసార్లు వేశాం. వేసింది నేనే. అమ్మ ఆరోగ్యం పేజీ తిప్పేసి కథ చదువుకుంటుంది.

ఈజిప్టు డాక్టరు నవాల్ ఎల్ సాదావీ వైద్య పుస్తకాలూ, కథలూ రెండు రకాలుగానూ రాశారు. ఆరేళ్ల వయసులో ఇంట్లోవాళ్లే ఆవిడ జననాంగాన్ని కోయించారు. పెద్దయ్యాక ఆ ఆచారాన్ని తప్పుపడుతూ పుస్తకం రాస్తే, 1972లో ఆరోగ్యశాఖలో ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత అక్కడి ఖనాతిర్ ఆడవాళ్ల జైల్లో ఉరిశిక్ష పడ్డ ఒక ఖైదీని కలిసి, ఆమె చెప్పుకున్న బతుకుని నవలగా రాశారు. 1981లో అధ్యక్షుడు సాదత్ ప్రభుత్వం ఆవిడనీ అదే జైల్లో పెట్టింది. అక్కడ కనుబొమల పెన్సిల్‌తో టాయిలెట్ పేపరు మీద రాసుకున్నారు. ఆవిడ వైద్య పుస్తకాలు నేనూ ముట్టుకోలేదు, నవల మాత్రం ఒక్క రాత్రిలో చదివేశాను. అమ్మని అని ఏం లాభం!

మనకూ డాక్టర్ పి. శ్రీదేవి ఉన్నారు. 1950ల చివర్లో 'కాలాతీత వ్యక్తులు' నవల రాశారు, 1961లోనే పోయారు. అందులో ఇందిర తనకేం కావాలో మొహమాటపడకుండా చెబుతుంది. చెకప్ గదిలో మా అమ్మకి కావలసింది ఆ నోరే.

అయితే కథ పేరుతో పేషెంటు గుట్టు బయట పడకూడదు. మన ఊళ్లో ఉన్నదే మూడొందల తెలుగు కుటుంబాలు. పేరు మార్చినంత మాత్రాన ఎవరో పోల్చుకోలేరా? ముగ్గురిని కలిపి ఒకరిని చేయాలి, ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అన్నీ మార్చాలి. సలహా రాయడం కంటే ఇది చాలా కష్టం, ఒప్పుకుంటాను.

ప్రతి సంచికకీ కాల్షియం గురించో ఐరన్ గురించో రాసిచ్చే మన గైనకాలజిస్టు గారిని పోయిన నెల అడిగాను, ఈసారి ఒక కథ ఇవ్వమని. కాసేపు ఏం మాట్లాడలేదు. "రాస్తాను, కానీ నా పేరు వేయకండి" అన్నారు.

ఉగాది సంచికలో నాలుగు పేజీలు ఖాళీగా ఉంచాను.