కుక్క తాడు ఇంటాయన చేతికే రావాలి

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కొత్త కాలనీల్లో ల్యాబ్రడార్లకు కొదవలేదు. పొద్దున్నే వాటిని తిప్పేది మాత్రం పనివాళ్లు. బీపీ గోలీ మింగేది ఇంటాయన. ఆ తాడు ఆయన చేతికే రావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చెప్పింది. అంటే రోజుకు అరగంట, ఐదు రోజులు. జిమ్‌కు డుమ్మా కొట్టొచ్చు, ఐదున్నరకే తలుపు గీరే కుక్కను కాదని ముసుగు తన్నడం కష్టం.

‘అడుగడుక్కీ ఆగి వాసన చూసే జీవంతో ఏం వ్యాయామం?’ అంటారు. తిప్పడం తెలియకపోతే అంతే. మొదటి ఐదు నిమిషాలు దాని అవసరాలకు వదలాలి. తర్వాత అరగంట మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. చివరి ఐదు నిమిషాలు మళ్లీ వాసనలకే. ఇనుప గొలుసు వద్దు. ఐదారడుగుల నైలాన్ తాడు, ఛాతీకి తొడిగే హార్నెస్ చాలు. మెడపట్టీ మీద లాగితే గొంతు నొక్కుకుంటుంది. కుక్క లాగిందా, ఉన్నచోటే గుంజలా నిలబడాలి. తాడు వదులయ్యాకే అడుగేయాలి. లాగినప్పుడు ఒక్కసారి లొంగినా, లాగితే పని జరుగుతుందని అది నేర్చేసుకుంటుంది. తాడును వేళ్లకు చుట్టుకోవద్దు, పందిని చూసి దూకితే వేళ్లు విరుగుతాయి. ఫోన్ జేబులోనే ఉండాలి. చూపు తాడు చివర నిలిస్తేనే తలలో రొద తగ్గుతుంది. మందు అదే.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒగర్చి వేడి వదులుతుంది. ఎండాకాలం చేతి వెనుకవైపు రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే ఇంటికి మళ్లాల్సిందే. పొద్దుగూకినా తారు వెంటనే చల్లారదు. తిరిగొచ్చాక పాదాల వేళ్ల సందులు విప్పి చూడాలి. పల్లేరు కాయ గుచ్చుకునేది, గోమార్లు దాగేది అక్కడే.

ఇంతకీ నడిచే చోటేది? కాలిబాట మీద దుకాణం సామాను, ఆపిన బైకులు. కుక్కతో ఉన్న మనిషి లారీల పక్కకు దిగాలి. బడి పిల్లలదీ, ముసలివాళ్లదీ అదే గతి. వీధికుక్కల భయం వేరే. వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యతను 2023 నాటి కేంద్ర నిబంధనలు స్థానిక సంస్థల మీదే పెట్టాయి. ఆ పని చేయండి. ప్రతి కాలనీలో రోడ్డుకు ఒకవైపైనా, స్తంభాలు అడ్డులేని ఆరడుగుల కాలిబాట వేయండి.