తెల్ల బిళ్ళగన్నేరు గింజకు గులాబీ పూస్తే నేలను తిట్టకండి

"తెల్ల బిళ్ళగన్నేరు గింజలే వేశాం, సగం మొక్కలు గులాబీ పూశాయి, మా మట్టిలో ఏదో ఉంది." మన అనంతపురం మిద్దెతోటల్లో ఈ మాట ఏటా వింటాం. వెంటనే ఒకరు పసుపునీళ్ళు పోయమంటారు, ఇంకొకరు బీట్‌రూట్ నీళ్ళంటారు. దయచేసి ఇలాంటివి చెప్పడం ఆపండి. మట్టిని బట్టి రంగు మార్చుకునేది హైడ్రేంజియా అనే పూలమొక్క. బిళ్ళగన్నేరు రంగు గింజలోనే ఉంటుంది.

మీరు కాయ కోసిన చెట్టు తల్లి మాత్రమే. పుప్పొడి ఏ ఇంటి నుంచి వచ్చిందో మీకు తెలియదు, సీతాకోకచిలుకలు గోడలు దాటి తిరుగుతాయి. బిళ్ళగన్నేరులో తెలుపు అణిగి ఉండే గుణం, గులాబీ పుప్పొడి పడితే పిల్లల్లో గులాబీదే పైచేయి. "మా ఇంట్లో గులాబీ చెట్టే లేదు" అనేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. అచ్చ తెలుపు, నడుమ ఎర్రచుక్క ఉన్న తెలుపు పక్కపక్కన ఉన్నా గులాబీ రావచ్చు. రంగుకు రెండు జన్యువులు కావాలి, ఒకదానిలో లేనిది రెండోదానిలో దొరుకుతుంది.

చంద్రకాంత లెక్క వేరు. ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ. ఆ గులాబీ తన పుప్పొడితోనే కట్టిన గింజలు వేస్తే నాలుగింట ఒకటి ఎరుపు, రెండు గులాబీ, ఒకటి తెలుపు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ దీన్ని ఈ మొక్కలోనే చూపించాడు. నచ్చిన రంగు పోకూడదంటే దాని దుంప తవ్వి నాటుకోండి.

మన ఎండలనూ లెక్కలో పెట్టుకోవాలి. 40 డిగ్రీలు దాటితే ఎరుపు, ఊదా వర్ణకం తక్కువ తయారై పూలు వెలిసినట్టుంటాయి. కొత్త మొక్క రంగు మే నెలలో తేల్చకండి, కార్తీకం దాకా ఆగండి.

బిళ్ళగన్నేరులో అదే రంగు కావాలంటే కొమ్మ నాటడమే ఖాయమైన మార్గం. పూలు లేని 4 అంగుళాల కొమ్మకు కింది ఆకులు తీసి, ఇసుక, కంపోస్టు సగం సగం కలిపి నీడలో నాటండి. నీళ్ళు ఎక్కువైతే మొదలు నల్లబడి కుళ్ళిపోతుంది. అడీనియం (ఎడారి గులాబీ) అయితే అంటు కట్టాలి, ముద్దపూల రకానికి మరీను.

బిళ్ళగన్నేరు గింజే కావాలంటే మొగ్గ విచ్చే ముందు సాయంత్రమే పల్చటి నెట్ సంచి తొడగండి. సంచిలో ఉన్న పూవు చాలా రకాల్లో దానంతటది కాయ కట్టదు. దాని పుప్పొడి దానికే అంటేలా పూవు గొట్టంలోకి సన్నని గాలపు నైలాన్ దారం దించి, పైకి లాగి, మళ్ళీ దించాలి. ఆ తొడిమకు రంగుదారం కట్టండి. జంటకాయలు పసుపు తిరగగానే కోయాలి, ఆలస్యమైతే పగిలి గింజలు నేలపాలే. మొలకకు చీకటి మంచిది, పైన పల్చగా మట్టి కప్పండి. తెలుపు ఇలా నిలుస్తుంది. గులాబీలో తెలుపు దాగి ఉండొచ్చు, తరం తరం ఏరుకుంటూ పోవాలి. ఎఫ్1 (రెండు రకాలు కలిపి చేసిన మొదటి తరం సంకరం) ప్యాకెట్ మొక్కల గింజ మాత్రం రెండో తరానికే చెదిరిపోతుంది.

నాకు అసలు బాధ గింజలు పంచేటప్పుడు జరిగే దాని గురించి. పొట్లం మీద "తెల్ల బిళ్ళగన్నేరు" అని రాసిస్తారు, తీసుకున్నవాళ్ళు మూడు నెలలు నీళ్ళు పోసి మోసపోయామనుకుంటారు. "తెల్లదాని నుంచి తీసింది, సంచి కట్టలేదు" అని రాయండి.