లెక్కకు మించిన ఒక ఖోఖా

మా అపార్టుమెంటు సంఘం వారు మొన్నటి గణతంత్ర దినోత్సవానికి నన్ను వేదిక ఎక్కించారు. బెంగళూరు హొరమావులోని మా సముదాయంలో సగం తెలుగు కుటుంబాలే కనుక ప్రసంగం తెలుగులోనే సాగవచ్చునన్నారు. ‘‘హవల్దారు గారూ, పది నిమిషాలు చాలు. పిల్లలకు ఒళ్లు గగుర్పొడవాలి’’ అని కార్యదర్శి షరతు పెట్టాడు. నేను పది నిమిషాలూ పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాల గురించి మాట్లాడాను. ఒళ్లు గగుర్పొడిచిన దాఖలాలు లేవు. ఒకావిడ మధ్యలో లేచి లడ్డూల పెట్టె తెరిచింది, దానితో సభ ముగిసిందని అందరూ అర్థం చేసుకున్నారు. దేశ రక్షణ మీద ప్రజల అవగాహన ఇంత దీనావస్థలో ఉండగా నేను మాట్లాడకుండా ఊరుకోవడం ధర్మం కాదు.

సైనికుడు తుపాకి పేలుస్తాడన్నది లోకంలో పాతుకుపోయిన అపోహ. సైనికుడు తుపాకిని మోస్తాడు, తుడుస్తాడు, సంతకం పెట్టి అప్పగిస్తాడు. అప్పుడప్పుడు పేల్చేది మళ్లీ తుడవడానికి ఏదో ఒక కారణం ఉండాలి కనుక.

నేను 1982లో చేరాను. ఏ శిక్షణ కేంద్రంలో అన్నది రాయను, కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది. చేతికిచ్చింది ఎస్‌ఎల్‌ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనది, తూటా లావు 7.62 మిల్లీమీటర్లు. పొడవు మూడు ముప్పావు అడుగులు, బరువు ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు కిలోల పైమాట. మొదటి కిలోమీటరులో అది నాలుగు కిలోలే. బీపీఈటీ అనే దేహదారుఢ్య పరీక్షలో పూర్తి సామానుతో 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. నాలుగో కిలోమీటరుకు వచ్చేసరికి ఇషాపూర్ ఫ్యాక్టరీ మొత్తం నా భుజానికి వేలాడుతున్నట్టుండేది. రైఫిలు మడమ మీద బట్ నంబరు ఉంటుంది. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, మనిషిని పేరుతో గుర్తుపట్టరు, ఆ నంబరుతోనే పిలుస్తారు. నా నంబరు ఇప్పటికీ కంఠతా ఉంది. ఇక్కడ రాయకపోవడానికి కారణం దేశ భద్రత కాదు, నా బ్యాంకు కార్డు రహస్య సంఖ్య అదే.

సాయంత్రం ఫుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి బ్యారెల్‌లోకి లాగేవాళ్లం. ఉస్తాద్, అంటే మా శిక్షకుడు, వచ్చి, బ్యారెల్ వెనక భాగంలో బొటనవేలి గోరు పెట్టి, దాని మీద వెలుతురు పడేలా చేసి, ఒక కన్ను మూసి లోపలికి చూసేవాడు. మేం నలభై నిమిషాలు తుడిచిన చోట ఆయనకు ఎడారులు, ఇసుక తుపానులు కనిపించేవి. ఖగోళ శాస్త్రం ఆయన్ని పోగొట్టుకుంది.

ఇక అసలు విషయం. రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే మైదానంలో, పేల్చిన ప్రతి తూటాకూ ఖాళీ గొట్టం, అంటే ఖోఖా, తిరిగి లెక్క చెప్పాలి. తూటా లక్ష్యానికి తగిలిందా, పక్క ఊరి చింతచెట్టుకు తగిలిందా అన్నది తర్వాతి సంగతి. ఆ రోజు పది మందిమి, మనిషికి ఐదు చొప్పున యాభై పేల్చాం. ఎస్‌ఎల్‌ఆర్ ఖోఖాను కుడివైపుకు విసిరికొడుతుంది. కుడిపక్కన పడుకున్నవాడి కాలరులో పడిందంటే వాడు చేసే నృత్యం ఏ గురువూ నేర్పలేడు. పేల్చడానికి పావుగంట పట్టింది. లెక్క పెడితే నలభై తొమ్మిది వచ్చాయి.

ఆపైన మొదలైంది యుద్ధం. పది మందిమి వరుసకట్టి, మోకాళ్ల మీద, గడ్డిని దువ్వుకుంటూ కదిలాం. మధ్యాహ్నం భోజనం వచ్చి, చల్లారి, వెళ్లిపోయింది. మాకు పాత సీసా మూతలు దొరికాయి, ఒక అణా దొరికింది, అంతకుముందు ఏ పటాలమో పోగొట్టుకున్న గుండీ దొరికింది. పురావస్తు శాఖకు అప్పగించదగినవన్నీ దొరికాయి, ఖోఖా తప్ప. పొద్దు గూకుతుండగా ఉస్తాద్ పక్క ప్లాటూను ఉస్తాద్ దగ్గరికి వెళ్లి బీడీ కాల్చుకుని వచ్చాడు. ఆయన తిరిగొచ్చేసరికి యాభై ఉన్నాయి. రిజిస్టరులో సంతకాలు పడ్డాయి.

బస్సులో హలసూరు చెరువు పక్కగా వెళ్తూ మద్రాస్ సాపర్ల, అంటే సైన్యంలోని ఇంజనీర్ల, కేంద్రం గోడ చూసినప్పుడల్లా నాకు అసూయ కలుగుతుంది. వాళ్ల వంశవృక్షం 1780 నాటిది. అప్పట్లో మూతి లోంచి మందు కూరే తుపాకులు. ఖోఖాలే లేవు. స్వర్ణయుగం!

యుద్ధ విన్యాసాల గురించి కూడా చెప్పాలి కదా. 1986-87 చలికాలంలో సైన్యాధిపతి జనరల్ సుందర్జీ రాజస్థాన్‌లో జరిపించిన బ్రాస్‌టాక్స్ అనే విన్యాసంలో నేనూ ఉన్నాను. అది చూసి పాకిస్తాన్ నిజంగానే యుద్ధమనుకుని తన సైన్యాన్ని కదిలించింది. ఫిబ్రవరిలో వాళ్ల అధ్యక్షుడు జియావుల్ హక్ క్రికెట్ చూసే వంకతో జైపూరు వచ్చి వెళ్లాడు. రెండు దేశాలూ ఊపిరి బిగబట్టిన ఆ రోజుల్లో నేను చనిపోయి ఉన్నాను. చేతికి పట్టీ కట్టుకున్న అంపైరు వచ్చి ‘‘నువ్వు పోయావు’’ అని ప్రకటించాడు. పోయినవాళ్లకు కందకం తవ్వే పని ఉండదు, టీ ఉంటుంది. కాబట్టి మా సెక్షన్‌లో వీరమరణానికి గట్టి పోటీ నడిచేది.

తర్వాత ఇన్సాస్ అనే కొత్త రైఫిలు వచ్చింది. తూటా 5.56కు చిక్కింది. దాని వెనక తత్వాన్ని మాకు తరగతిలో బోధించారు. శత్రువు చస్తే ఒక్కడే తగ్గుతాడు, గాయపడితే మోయడానికి మరో ఇద్దరు కావాలి, వెరసి ముగ్గురు. ఈ కూడిక శత్రువుకు కూడా తెలియజేశారో లేదో. కార్గిల్ చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని పత్రికలు రాశాయి. నేను 2006లో విరమించాను. 2019లో ప్రభుత్వం అమెరికా నుంచి 72,400 రైఫిళ్లు కొనడానికి ఒప్పందం చేసుకుంది. తూటా ఎంత? 7.62. నేను 1982లో మోసిందే. అమేఠీ జిల్లా కోర్వాలో 6 లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లు తయారు చేయాలన్నారు. వాటిదీ 7.62 తూటాయే, కానీ ఖోఖా పొట్టిది, 51 మిల్లీమీటర్లకు బదులు 39. వ్యూహకర్తలు దూరం, వేగం, చొచ్చుకుపోయే శక్తి అన్నీ చర్చించారు. గడ్డిలో మూడు సైజుల ఖోఖాలు వెదకవలసిన కుర్రాడి మోకాళ్ల ప్రస్తావన మాత్రం ఎక్కడా రాలేదు.

మా మూడో అంతస్తు పిల్లవాడికి పన్నెండేళ్లు. ఫోనులో రోజుకు రెండు వందల మందిని చంపుతాడు. ‘‘తాతా, మీ రైఫిలు నిమిషానికి ఎన్ని పేలుస్తుంది?’’ అన్నాడు. నేను ఎన్నిసార్లు నొక్కితే అన్ని అన్నాను. జాలిగా చూశాడు. వాడి ఆటలో రైఫిలుకు తుప్పు పట్టదు, బరువుండదు, కోత్‌లో సంతకం అడగరు, ఖోఖాలు నేలను తాకగానే మాయమవుతాయి. ఇలా పెరిగే తరం రేపు రిజిస్టరు ఎలా నింపుతుంది?

వేదిక మీద చెప్పని సంగతి ఒకటుంది. ఆ రాత్రి బ్యారక్‌లో నా గ్రౌండ్‌షీటు విప్పి పరుస్తుంటే మడతలోంచి టంగుమని ఖోఖా పడింది. తిరిగి ఇస్తే లెక్క యాభై ఒకటి అవుతుంది. తక్కువైతే వెదుకుతారు, ఎక్కువైతే విచారిస్తారు. యాభై తూటాలకు యాభై ఒక్క ఖోఖాలు ఎలా వచ్చాయో చెప్పగల సిపాయి ఇంకా పుట్టలేదు. దాన్ని ట్రంకు పెట్టె అడుగున దాచాను. అది నాతో పాటు నాలుగు రాష్ట్రాలు తిరిగింది. ఇప్పుడు మా ఆవిడ దేవుడి గదిలో దానికి అగరుబత్తి గుచ్చుతోంది, సరిగ్గా సరిపోతుంది.

నిన్న ఆ పిల్లవాడు ప్రసాదానికి వచ్చి, దేవుడి పటాల ముందు వంగి, కళ్లు పెద్దవి చేశాడు. ‘‘తాతా, ఇది సెవెన్ సిక్స్ టూ కదా!’’

గాలికి దీపం కొండెక్కుతుందని చెప్పి నేను దేవుడి గది తలుపు వేసేశాను.